వర్చువల్ మెషీన్‌లో విండోస్ లైసెన్స్ కీ మొరాయిస్తే ఏం చేయాలి: పర్లాకిమిడి ప్రెస్సు, రాయగడ ల్యాబు నేర్పిన దారి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మేనమామగారికి చిన్న అచ్చుప్రెస్సు ఉంది. పక్కనే పాతపట్నం, అంటే ఆంధ్ర. అందుచేత ఆయన దగ్గరికి వచ్చే శుభలేఖల్లో చాలావాటికి ఒక పేజీ తెలుగులోను, ఒక పేజీ ఒడియాలోను ఉంటుంది. ఆ పేజీలన్నీ యూనికోడ్‌కు ముందునాటి ఫాంట్లతో, పేజీలు కట్టే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్‌లో కట్టినవి. వాటిని నడిపిస్తున్న విండోస్ 7 కంప్యూటర్ ముసలిదైపోయి మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బాయి. కొత్త ల్యాప్‌టాప్ కొని, అందులో వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఊహా కంప్యూటర్) పెట్టి, దానిలో తాను ఒకప్పుడు డబ్బాతో సహా కొన్న విండోస్ 7 ప్రొఫెషనల్‌ను ఎక్కించుకుందామని ఆయన పూనుకున్నారు. అరగంటలో ఫోను వచ్చింది: "కీ చదవలేనంటోంది బాబూ. డబ్బా మీద ఉన్నదే కొట్టాను, నాలుగుసార్లు చూసుకున్నాను కూడా."

"మావయ్యా, ఆ కీ అడిగే తెర మీకు అసలు కనబడిందా?" అని అడిగాను.

కనబడలేదట. ఇన్‌స్టలేషన్ మొదలైన నిమిషానికే, కీ కొట్టే అవకాశం రాకముందే తప్పు చూపించింది. ఆయన కీ కొట్టింది విండోస్‌లో కాదు, వర్చువల్ మెషీన్ తయారుచేసే వర్చువల్‌బాక్స్ విజార్డ్‌లో. లోపం కీలో లేదు, దాన్ని మోసుకెళ్లిన దారిలో ఉంది. రాయగడలో ఒక శిక్షణ సంస్థ ల్యాబును చూసుకుంటూ ఇలాంటి మొరాయింపులు ఎన్నో విప్పాను. వాటిలో కీ నిజంగా చెడ్డదైన సందర్భాలు తక్కువ. ఎడిషన్ (విండోస్ రకం) కలవకపోవడం, జవాబు ఫైలు (సెటప్ ప్రశ్నలకు ముందే జవాబులు నింపిన ఫైలు) అడ్డురావడం, మెషీన్ గడియారం తప్పడం, క్లోన్ చేసినప్పుడు (మెషీన్‌కు నకలు తీసినప్పుడు) గుర్తింపు మారిపోవడం, ఈ నాలుగే చాలావరకు కారణాలు. అందుకని కొత్త కీ కొనడానికి పరుగెత్తేముందు కింది మెట్ల వరుసలో చూసుకోవాలి.

ముందే ఒక మాట. ఈ వ్యాసంలో కమాండ్లను, ఎర్రర్ కోడ్లను తెలుగు లిపిలో పలికినట్టు రాస్తున్నాను. కంప్యూటర్‌లో కొట్టేటప్పుడు అవే ఇంగ్లీషు అక్షరాలను కొట్టుకోవాలి. ఎర్రర్ కోడ్లన్నిటికీ మొదట వచ్చే సున్నా-ఎక్స్ జంటను వదిలేశాను.

మొదటి మెట్టు: ఏ గడప దగ్గర ఆగిందో తేల్చుకోవాలి

వర్చువల్ మెషీన్‌లో లైసెన్స్ ఇబ్బంది మూడు చోట్ల రావచ్చు. సెటప్ మొదలవగానే, కీ అడగకముందే ఆగిపోతే అది దాదాపు ఎప్పుడూ జవాబు ఫైలు సమస్య లేదా విండోస్ ఇన్‌స్టలేషన్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా ఉండే ఐఎస్‌ఓ సమస్య. కీ కొట్టిన తెర మీదే "ఈ కీ పనిచేయదు" అని వస్తే అది ఎడిషన్ సమస్య కావచ్చు, టైపింగ్ సమస్య కావచ్చు. విండోస్ పూర్తిగా ఎక్కి, డెస్క్‌టాప్ వచ్చి, ఆ తరువాత యాక్టివేట్ కానంటే (లైసెన్స్ సరైనదని రూఢి కానంటే) అప్పుడు చూడవలసినవి నెట్, గడియారం, కీ రకం, మెషీన్ గుర్తింపు. ఈ మూడింటిలో ఏదో తేల్చుకోకుండా ఇంటర్నెట్‌లో దొరికిన పరిష్కారాలన్నీ వరసగా ప్రయోగిస్తే, మొదట ఉన్న లోపం మీద మనం చేసిన లోపాలు పేరుకుంటాయి. తెరను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోవడం మంచి అలవాటు. అక్షరం పొల్లుపోకుండా ఉన్న ఎర్రర్ వాక్యమే సగం వైద్యం.

రెండో మెట్టు: మన చేతిలో ఉన్నది ఏ జాతి కీ

విండోస్ కీలో ఐదేసి అక్షరాల చొప్పున ఐదు గుంపులు, మొత్తం 25 అక్షరాలు ఉంటాయి. చూడడానికి అన్నీ ఒకేలా ఉన్నా వాటి హక్కులు వేరు. కంప్యూటర్ తయారీదారు వేసి ఇచ్చిన ఓఈఎం కీ ఆ యంత్రంతో పుట్టి ఆ యంత్రంతోనే పోతుంది. విడిగా కొన్న రిటైల్ కీని ఒక యంత్రం నుంచి తీసి మరో దానికి మార్చుకోవచ్చు, కాని ఒకసారికి ఒకచోటే వాడాలి. సంస్థలు కొనే వాల్యూమ్ లైసెన్స్‌లో రెండు పద్ధతులున్నాయి: ఇన్నిసార్లని లెక్క పెట్టే ఎంఏకే, సంస్థ లోపలి సర్వర్ ద్వారా యాక్టివేట్ చేసే కేఎంఎస్.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. "ల్యాప్‌టాప్‌తోపాటు విండోస్ వచ్చింది కదా, లోపలి వర్చువల్ మెషీన్‌కూ అదే సరిపోదా?" అని అడుగుతారు. సరిపోదు. విండోస్ లైసెన్స్ నిబంధనల ప్రకారం ఒక లైసెన్స్ ఒక పరికరంలో ఒక ప్రతికే చెల్లుతుంది, ఆ పరికరం నిజమైనదైనా వర్చువల్ అయినా సరే. లోపలి మెషీన్‌కు విడిగా లైసెన్స్ కావాలి. సాంకేతికంగా కూడా అంతే. విండోస్ 8 నాటి నుంచి తయారీదారులు ఓఈఎం కీని స్టిక్కరు మీద కాకుండా మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లో, ఎంఎస్‌డీఎం అనే పట్టికలో దాచి ఇస్తున్నారు. వర్చువల్ మెషీన్‌కు ఉండేది తన సొంత ఊహాజనిత మదర్‌బోర్డు. అందులో ఆ పట్టిక ఉండదు. కాబట్టి ల్యాప్‌టాప్ మీద కీ అడగకుండానే ఎక్కిన ఐఎస్‌ఓ, వర్చువల్ మెషీన్‌లో కీ అడిగితే ఆశ్చర్యపోనక్కరలేదు. హోస్ట్ (వర్చువల్ మెషీన్‌ను మోసే అసలు కంప్యూటర్) పట్టికను లోపలికి పంపే కిటుకులు లేకపోలేదు. కాని ఒకే లైసెన్స్‌ను రెండుచోట్ల వాడడమే వాటి ఫలితం గనుక నేను ఎవరికీ చెప్పను.

విండోస్ ఇప్పటికే ఎక్కి ఉంటే కీ జాతిని తెలుసుకోవడం సులువు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఎస్ఎల్ఎంజీఆర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టి డీఎల్‌వీ అని కొట్టాలి. కొన్ని క్షణాలకు ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఎడిషన్ పేరు, కీ ఓఈఎం, రిటైల్, వాల్యూమ్‌లలో ఏ ఛానెల్‌కు చెందినది, కీలోని చివరి ఐదు అక్షరాలు, లైసెన్స్ స్థితి కనబడతాయి. ఆ పెట్టెను ఫోటో తీసి ఉంచుకోండి; తరువాతి మెట్లన్నిటికీ అదే ఆధారం.

మూడో మెట్టు: జవాబు ఫైలును దారినుంచి తప్పించాలి

మావయ్యగారి సమస్య ఇదే. వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్లు మనకు శ్రమ తగ్గిద్దామని, ఐఎస్‌ఓను చూపించగానే ఇన్‌స్టలేషన్ ప్రశ్నలకు తామే జవాబులు నింపి ఒక చిన్న ఫైలును తయారుచేసి, దాన్ని మరో డిస్క్‌గానో ఫ్లాపీగానో మెషీన్‌కు తగిలిస్తాయి. విండోస్ సెటప్ ఆ ఫైలును చూసి, అందులోని కీని చదవబోతుంది. అక్కడ కీ ఖాళీగా ఉన్నా, మనం ఎంచుకున్న ఎడిషన్‌తో కలవకపోయినా "జవాబు ఫైలులోని ప్రొడక్ట్ కీ సెట్టింగును చదవలేకపోతున్నాను" అనే అర్థం వచ్చే సందేశం ఇచ్చి ఆగిపోతుంది. ఒక్కోసారి "మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ నిబంధనలు కనబడలేదు" అంటుంది. ఈ రెండో వాక్యం చూసి ఐఎస్‌ఓ చెడిపోయిందనుకుని ఐదారు జీబీలు మళ్లీ దింపుకున్నవాళ్లను నేనెరుగుదును. మా వైపు మొబైల్ డేటా మీద అంత ఫైలు దింపడం అంటే ఒక రాత్రి పని.

వర్చువల్‌బాక్స్‌లో, ముఖ్యంగా 2022లో వచ్చిన 7.0 వర్షన్ మొదలుకొని, కొత్త మెషీన్ విజార్డ్‌లో ఐఎస్‌ఓ ఎంచుకునే పేజీలోనే అన్అటెండెడ్ ఇన్‌స్టలేషన్‌కు సంబంధించిన టిక్ పెట్టె ఉంటుంది. వర్షన్‌ను బట్టి దాని మాట మారుతుంది: ఒకచోట దాటవేయమని టిక్ పెట్టాలి, మరోచోట జరపమని ఉన్న టిక్ తీసేయాలి. ఏదైనా మన ఉద్దేశం ఒకటే, ప్రశ్నలకు మనమే జవాబు చెప్పుకోవాలి. మెషీన్ ఇప్పటికే తయారైపోయి ఉంటే దాన్ని ఆపి, సెట్టింగ్స్‌లో స్టోరేజ్ పేజీకి వెళ్లి, అన్అటెండెడ్ అనే మాటతో మొదలయ్యే డిస్క్ ఫైలు తగిలించి ఉందేమో చూడండి. ఉంటే దాన్ని తీసేసి, అసలు ఐఎస్‌ఓను పెట్టండి. లోపల ఇంకా ఏమీ ఎక్కలేదు గనుక, మెషీన్‌ను తొలగించి మొదటినుంచి చేసుకోవడం నిజానికి ఇంకా తేలిక. ఐదు నిమిషాల పని. మావయ్యగారి చేత ఫోనులోనే అలా చేయించాను. రెండోసారి సెటప్ ఆగకుండా సాగి, చివర్లో కీ అడిగే తెర వచ్చింది, అదే కీ ఒప్పుకుంది.

వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో ఇదే సౌకర్యానికి ఈజీ ఇన్‌స్టాల్ అని పేరు. అక్కడ మెషీన్ తయారుచేసేటప్పుడు "ఆపరేటింగ్ సిస్టమ్‌ను తరువాత ఎక్కించుకుంటాను" అన్న ఎంపిక తీసుకుని, తరువాత సీడీ డ్రైవ్‌కు ఐఎస్‌ఓ తగిలిస్తే ఈ గొడవ ఉండదు. పాత మెషీన్‌లో అయితే ఆటోఇన్‌స్ట్ అనే పేరుతో ఉన్న ఫ్లాపీని లేదా రెండో సీడీని తీసేయాలి. మైక్రోసాఫ్ట్ సొంత వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ హైపర్-విలో లైసెన్స్ నిబంధనలు కనబడలేదన్న సందేశం వస్తే మెమరీ కూడా చూడాలి: డైనమిక్ మెమరీ (అవసరాన్ని బట్టి మారే మెమరీ) పెట్టి ప్రారంభ మెమరీని బాగా తక్కువ ఇచ్చినప్పుడు ఈ తప్పు రావచ్చు, 2048 ఎంబీ లేదా అంతకన్నా ఎక్కువ ఇచ్చి చూడండి. అన్నట్టు, విండోస్ హోమ్ ఎడిషన్లలో హైపర్-వి రాదు. మనవైపు అమ్మే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అదే ఉంటుంది కాబట్టి వర్చువల్‌బాక్స్ లేదా వీఎంవేర్ తప్పదు. లినక్స్ మీద కేవీఎం అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఈ మెట్టు దాదాపు అవసరం రాదు.

నాలుగో మెట్టు: ఎడిషన్ కలవాలి

"మీరు ఇచ్చిన కీ ఈ డిస్క్‌లోని ఏ విండోస్ ఇమేజ్‌తోనూ సరిపోలడం లేదు" అన్న సందేశం వస్తే కీ చెల్లదని అర్థం కాదు, ఆ కీ ఈ డిస్క్‌ది కాదని అర్థం. విండోస్‌లో హోమ్, హోమ్ సింగిల్ లాంగ్వేజ్, ప్రో, ఎడ్యుకేషన్, ఎంటర్‌ప్రైజ్ అని ఎడిషన్లున్నాయి. పేరు చివర ఎన్ అనే అక్షరం ఉన్నవి మళ్లీ వేరు. మన దేశంలో ల్యాప్‌టాప్‌లతో తరచుగా వచ్చేది హోమ్ సింగిల్ లాంగ్వేజ్. దాని కీ హోమ్‌కు పనికిరాదు, ప్రోకు అసలే పనికిరాదు. ఎంటర్‌ప్రైజ్ ఐఎస్‌ఓ దింపుకుని ప్రో కీ కొట్టేవాళ్లు మా ల్యాబులో ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు.

ఐఎస్‌ఓలో ఏయే ఎడిషన్లున్నాయో ఊహించనక్కరలేదు. హోస్ట్ విండోస్‌లో ఐఎస్‌ఓ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే అది ఒక డ్రైవ్‌గా తెరుచుకుంటుంది. అందులోని సోర్సెస్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ అనే పేరుతో విమ్ గాని ఈఎస్‌డీ గాని అనే తోకతో ఒక పెద్ద ఫైలు ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్మ్ అని కొట్టి, గెట్-విమ్ఇన్ఫో అన్న ఎంపికకు ఆ ఫైలు దారి ఇస్తే ఎడిషన్ల జాబితా సంఖ్యలతో సహా వస్తుంది. అదే ఫోల్డర్‌లో ఈఐ అనే పేరు, సీఎఫ్‌జీ అనే తోక ఉన్న చిన్న ఫైలు, లేదా పిడ్ అనే పేరుతో టెక్స్ట్ ఫైలు ఉందేమో కూడా చూడండి. మొదటిది ఎడిషన్‌ను, ఛానెల్‌ను ముందే నిర్ణయించేస్తుంది. రెండోది ఏకంగా కీనే ఇచ్చేస్తుంది. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఐఎస్‌ఓలలో ఇవి తరచుగా దాగి ఉంటాయి. వాటిని సవరించి ఐఎస్‌ఓను మళ్లీ కట్టే మార్గం ఉంది గాని, నా మాట వింటే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి శుభ్రమైన ఐఎస్‌ఓను దింపుకోండి; పెన్‌డ్రైవ్ ఐఎస్‌ఓలో ఇంకేమేం మార్చారో మనకు తెలియదు.

తొందరలో ఉన్నవారికి ఒక వెసులుబాటు: విండోస్ 10, 11 సెటప్‌లో "నా దగ్గర కీ లేదు" అన్న ఎంపిక ఉంది. దాన్ని నొక్కి, తరువాతి తెరలో మన కీకి సరిపోయే ఎడిషన్‌నే ఎంచుకుని ముందుకు వెళ్లవచ్చు. కీని డెస్క్‌టాప్ వచ్చాక సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీలో ఇవ్వవచ్చు. నేను ఎప్పుడూ ఇలాగే చేస్తాను. ఎడిషన్ తప్పు ఎంచుకుంటే హోమ్ నుంచి ప్రోకు ఎక్కడం కీ మార్చడంతో అయిపోతుంది. ప్రో నుంచి హోమ్‌కు దిగడానికి మాత్రం మళ్లీ మొదటినుంచి ఎక్కించవలసిందే.

విండోస్ 7, 8 కీలతో కొత్త విండోస్‌ను యాక్టివేట్ చేసుకునే పాత దారి ఇక లేదు. ఆ ఉచిత అప్‌గ్రేడ్ బాటను మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో మూసేసింది. అంతకుముందు పనిచేసిన చిట్కాను ఇప్పటికీ చెప్పేవారున్నారు, నమ్మవద్దు.

ఐదో మెట్టు: అక్షరాలు సరిగా పడుతున్నాయా

కీలో ఏ అక్షరాలు వస్తాయో తెలిస్తే సగం సందేహాలు తీరతాయి. అందులో అచ్చులు ఉండవు, అంటే ఏ, ఈ, ఐ, ఓ, యూ రావు. ఎల్, ఎస్, జెడ్ అక్షరాలూ, 0, 1, 5 అంకెలూ ఉండవు. ఎన్ అనే అక్షరం విండోస్ 8 నుంచే చేరింది. కాబట్టి మాసిపోయిన స్టిక్కరు మీద గుండ్రంగా కనబడేది సున్నానా, ఓనా అని తల బద్దలు కొట్టుకోకండి. అది రెండూ కాదు, క్యూ గాని డీ గాని అయి ఉంటుంది. ఐదులా కనబడేది ఐదు కాదు, ఎస్ కూడా కాదు. ఆరో జీయో చూడండి. బీ-ఎనిమిది, వీ-వై, ఎం-డబుల్యూ జంటలు మాత్రం నిజంగా మోసం చేస్తాయి.

రెండు లిపుల మధ్య బతికే మనకు మరో చిక్కుంది. సెటప్ మొదటి తెరలో భాష, సమయం, కీబోర్డు అడుగుతుంది. అక్కడ ఉత్సాహపడి తెలుగు కీబోర్డో ఒడియా కీబోర్డో ఎంచుకుంటే కీ తెర దగ్గర ఇంగ్లీషు అక్షరాల స్థానంలో మరొకటి పడుతుంది. ఇంగ్లీషు కీబోర్డునే ఎంచుకుని, తెలుగు, ఒడియా ఇన్‌స్క్రిప్ట్‌లను విండోస్ ఎక్కిన తరువాత చేర్చుకోవడం మేలు.

హోస్ట్‌లో కాపీ చేసిన కీ సెటప్ తెరలో పేస్ట్ కాదు, ఎందుకంటే క్లిప్‌బోర్డును పంచే గెస్ట్ టూల్స్ (వర్చువల్ మెషీన్ లోపల ఎక్కించే సహాయక సాఫ్ట్‌వేర్) అప్పటికి ఎక్కవు. హైపర్-వి కిటికీలో క్లిప్‌బోర్డ్ మెనూ కింద కాపీ చేసిన పాఠాన్ని టైప్ చేయించే ఎంపిక ఉంది. వర్చువల్‌బాక్స్‌లో వీబాక్స్‌మేనేజ్ కమాండ్‌కు కంట్రోల్‌వీఎం, మెషీన్ పేరు, కీబోర్డ్‌పుట్‌స్ట్రింగ్ అని వరసగా ఇచ్చి, చివర కోట్‌లలో కీ పెడితే అదే అక్షరాలు లోపల పడతాయి. ముప్పై మెషీన్లకు కొట్టాల్సి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

ఆరో మెట్టు: ఎక్కింది, కాని యాక్టివేట్ కావడం లేదు

ముందు నెట్ సంగతి. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్‌కు బ్రిడ్జ్ పద్ధతి (మెషీన్ విడిగా నెట్‌వర్క్‌లో చేరడం) కన్నా నాట్ పద్ధతి (హోస్ట్ నెట్‌నే పంచుకోవడం) నమ్మకమైనది; వైఫై మీద బ్రిడ్జ్ చాలాసార్లు మొరాయిస్తుంది. లోపలి బ్రౌజర్‌లో ఏదైనా పేజీ తెరుచుకుంటే నెట్ వస్తున్నట్టే.

ఆ తరువాత కోడ్‌ను చదవాలి. సీ004ఎఫ్050 వస్తే ఇచ్చిన కీ సరైనది కాదు, మళ్లీ ఐదో మెట్టుకు వెళ్లండి. సీ004ఎఫ్069 అయితే ఎక్కిన ఎడిషన్‌కూ కీకీ సంబంధం లేదు, నాలుగో మెట్టు. సీ004సీ003 అయితే మైక్రోసాఫ్ట్ ఆ కీని నిలిపివేసింది. ఆన్‌లైన్ అంగళ్లలో నాలుగైదు వందలకు దొరికే కీల గతి చివరికి తరచుగా ఇదే, ఎందుకంటే అవి ఎక్కడివో సంస్థల వాల్యూమ్ కీలో, పాత యంత్రాల ఓఈఎం కీలో అయి ఉంటాయి. సీ004సీ020 అయితే ఎంఏకే కీకి కేటాయించిన సంఖ్య అయిపోయింది. వర్చువల్ మెషీన్‌ను పాడుచేసుకుని మళ్లీ మళ్లీ ఎక్కించే ల్యాబుల్లో ఈ సంఖ్య నీళ్లలా ఖర్చవుతుంది. సీ004ఎఫ్211 అయితే హార్డ్‌వేర్ మారిందని విండోస్ భావిస్తోంది, దాని సంగతి ఎనిమిదో మెట్టులో చెబుతాను.

8007232బీ అనే కోడ్ కాస్త తికమకగా ఉంటుంది. డీఎన్ఎస్ (నెట్‌లో పేర్లను చిరునామాలుగా మార్చే వ్యవస్థ) పేరు లేదని చెబుతుంది గనుక నెట్ తప్పనుకుంటారు. నిజానికి వాల్యూమ్ ఐఎస్‌ఓతో ఎక్కిన విండోస్‌లో ఒక సాధారణ కీ ముందే ఉంటుంది, అది సంస్థ లోపలి కేఎంఎస్ సర్వర్ కోసం వెతుకుతుంది. ఇంట్లోనో చిన్న ఆఫీసులోనో ఆ సర్వర్ ఎక్కడుంది? మీ దగ్గర ఎంఏకే కీ ఉంటే ఎస్ఎల్ఎంజీఆర్‌కు ఐపీకే అన్న ఎంపికతో ఆ కీ ఇచ్చి, తరువాత ఏటీఓ అన్న ఎంపికతో యాక్టివేట్ చేయండి. మీ దగ్గర ఉన్నది రిటైల్ కీ అయితే మీరు తప్పు ఐఎస్‌ఓ ఎక్కించారు. ఇంటర్నెట్‌లో దొరికే కేఎంఎస్ యాక్టివేటర్ అనే ప్రోగ్రాముల జోలికి మాత్రం పోవద్దు. లైసెన్స్ దొంగతనం మాట అలా ఉంచినా, యాంటీవైరస్ ఆపి నడపమని అడిగే ప్రోగ్రాముకు ప్రెస్సు లెక్కలున్న యంత్రాన్ని అప్పగించడం అంటే తాళాలు తీసి ఇవ్వడమే.

ఏడో మెట్టు: ఐదున్నర గంటల తేడా

ఇది మా ల్యాబులో మూడు రోజులు తిన్న సమస్య, అందుకని వివరంగా చెబుతాను. లినక్స్ హోస్ట్‌ల మీద విండోస్ వర్చువల్ మెషీన్లు పెట్టాం, సంస్థకు కేఎంఎస్ ఉంది. నెట్ ఉంది, సర్వర్ పింగ్ అవుతోంది (పిలిస్తే పలుకుతోంది), కేఎంఎస్ వాడే 1688 పోర్టు తెరిచే ఉంది, అయినా ప్రతి మెషీన్‌లోనూ సీ004ఎఫ్074. కేఎంఎస్ సర్వర్‌ను చేరలేకపోయానని ఆ కోడ్ అర్థం. చేరే దారులన్నీ వెతికాక, ఒక విద్యార్థిని వచ్చి, "సార్, లోపలి గడియారంలో ఇంకా తెల్లారలేదు" అంది. గోడ గడియారం పదిన్నర, వర్చువల్ మెషీన్ గడియారం ఐదు.

కారణం ఇది. లినక్స్ సాధారణంగా హార్డ్‌వేర్ గడియారాన్ని ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుపుతుంది. విండోస్ మాత్రం హార్డ్‌వేర్ గడియారంలో ఉన్నదే స్థానిక సమయమనుకుంటుంది. వర్చువల్ మెషీన్ సెట్టింగుల్లో గడియారం యూటీసీ (ఆ ప్రపంచ ప్రామాణిక సమయం) అని పెట్టి ఉంటే, విండోస్ ఆ సమయాన్ని భారత కాలమానంగా తీసుకుంటుంది. అంటే సరిగ్గా ఐదున్నర గంటలు వెనకబడుతుంది. కేఎంఎస్ సర్వర్‌కూ, దాన్ని అడిగే మెషీన్‌కూ మధ్య నాలుగు గంటలకు మించి తేడా ఉండకూడదు. మన దేశపు తేడా సరిగ్గా ఆ హద్దును దాటే తేడా.

సరిచేయడం చిన్న పనే. వర్చువల్‌బాక్స్‌లో మెషీన్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ పేజీ కింద హార్డ్‌వేర్ గడియారం యూటీసీలో ఉందన్న టిక్ తీసేయాలి. కేవీఎంలో మెషీన్ వర్ణన ఫైలులో క్లాక్ ఆఫ్‌సెట్‌ను లోకల్‌టైమ్ అని మార్చాలి. తరువాత లోపలి విండోస్‌లో టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్నదే ఎంచుకున్నారో లేదో చూడండి. సెటప్‌లో అమెరికా భాష ఎంచుకుంటే టైమ్ జోన్ కూడా అమెరికాదే పడి ఉంటుంది. కేఎంఎస్ లేని ఇళ్లలో కూడా గడియారం చూడక తప్పదు: తేదీ రోజుల తరబడి తప్పితే భద్రతా ధ్రువపత్రాలు చెల్లక 80072ఎఫ్8ఎఫ్ అనే కోడ్ వస్తుంది. ఆరు నెలల కిందటి మెషీన్ స్థితిని దాచి ఉంచిన స్నాప్‌షాట్‌కు తిరిగి వెళ్లినప్పుడు ఇది ఎక్కువగా కనబడుతుంది.

ఎనిమిదో మెట్టు: క్లోన్లు, ప్రయాణాలు

విండోస్ ఒక యంత్రాన్ని దాని మదర్‌బోర్డు గుర్తింపు సంఖ్య, నెట్‌వర్క్ కార్డు చిరునామా, డిస్క్ వంటి వాటితో గుర్తుపడుతుంది. వర్చువల్ మెషీన్‌లో ఇవన్నీ సెట్టింగుల ఫైలులోని అంకెలే, కాబట్టి అవి మారడం చాలా తేలిక. మెషీన్ ఫోల్డర్‌ను కొత్త ల్యాప్‌టాప్‌కు తీసుకెళ్లి వీఎంవేర్‌లో తెరవగానే "దీన్ని తరలించారా, కాపీ చేశారా?" అని అడుగుతుంది. కాపీ అంటే కొత్త గుర్తింపు సంఖ్య, కొత్త చిరునామా ఇస్తుంది, విండోస్ యాక్టివేషన్ పోవచ్చు. నిజంగా పాతచోట తీసేసి ఇక్కడికి తెచ్చుకున్నప్పుడు తరలించానని చెప్పాలి. వర్చువల్‌బాక్స్‌లో క్లోన్ చేసేటప్పుడు మ్యాక్ (నెట్‌వర్క్ కార్డు) చిరునామాలను, హార్డ్‌వేర్ గుర్తింపును అలాగే ఉంచాలా అన్న ఎంపికలున్నాయి, తరలింపుకైతే ఉంచాలి. హైపర్-వి ఇంపోర్ట్‌లో కొత్త గుర్తింపు సంఖ్య ఇవ్వమనే ఎంపికను తరలింపుకు తీసుకోకూడదు.

ల్యాబులకు మాత్రం దీనికి తలకిందులైన సమస్య ఉంటుంది: గుర్తింపులు మారకపోవడమే చిక్కు. కేఎంఎస్ సర్వర్ కనీసం 25 వేర్వేరు విండోస్ మెషీన్లు అడిగేదాకా ఎవరికీ యాక్టివేషన్ ఇవ్వదు. సర్వర్ ఎడిషన్లకైతే ఆ సంఖ్య 5. మేము ఒక మెషీన్‌ను సిద్ధం చేసి దాన్నే ముప్పైసార్లు క్లోన్ చేశాం. ముప్పై మెషీన్లు అడిగినా సర్వర్ లెక్కలో ఒక్కటే కనబడింది, అందరికీ సీ004ఎఫ్038. ప్రతి క్లోన్‌లోనూ ఒకే క్లయింట్ గుర్తింపు సంఖ్య ఉండడమే దానికి కారణం. క్లోన్ చేయడానికి ముందు మూల మెషీన్‌లో సిస్‌ప్రెప్‌ను జనరలైజ్ ఎంపికతో (గుర్తింపులను చెరిపేసేలా) నడిపి, ఆపి, అప్పుడు క్లోన్ చేస్తే ప్రతి ప్రతికీ కొత్త సంఖ్య పుడుతుంది. ఇప్పటికే క్లోన్ అయిపోయినవాటిలో ఎస్ఎల్ఎంజీఆర్‌కు రీఆర్మ్ ఎంపిక ఇచ్చి రీస్టార్ట్ చేసినా సంఖ్య మారుతుంది, కాని దాన్ని కొన్నిసార్లే వాడుకోగలం. కేఎంఎస్ యాక్టివేషన్ 180 రోజులే ఉంటుందని, మెషీన్ మధ్యమధ్య సర్వర్‌ను కలుసుకుంటూ ఉండాలని కూడా గుర్తుంచుకోండి. వేసవి సెలవుల్లో కట్టిపెట్టిన మెషీన్లు తెరిచినప్పుడు గగ్గోలు పెట్టడం మామూలే.

తొమ్మిదో మెట్టు: పరీక్షా ప్రతులు, కరెంటు కోతలు

నేర్చుకోవడానికే అయితే కొనకుండానే గడిచే దారి ఉంది. మైక్రోసాఫ్ట్ పరీక్షా ప్రతులు ఇస్తుంది: విండోస్ ఎంటర్‌ప్రైజ్‌కు 90 రోజులు, సర్వర్‌కు 180 రోజులు. ఇక్కడ రెండింటి మధ్య పెద్ద తేడా ఉంది. సర్వర్ పరీక్షా ప్రతిని డిస్మ్ కమాండ్‌లో సెట్-ఎడిషన్ ఎంపికతో అసలు కీ ఇచ్చి పూర్తి ప్రతిగా మార్చుకోవచ్చు. మామూలు పద్ధతిలో కీ ఇస్తే మాత్రం సీ004ఎఫ్069 అంటుంది. ఎంటర్‌ప్రైజ్ పరీక్షా ప్రతిని అలా మార్చలేం, దానికి ఎంత మంచి కీ కొన్నా మళ్లీ ఎక్కించవలసిందే. అసలు పనికి వాడే మెషీన్‌ను పరీక్షా ప్రతితో మొదలుపెట్టవద్దని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

హోస్ట్ కరెంటు పోయి ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు, నిన్నటిదాకా బాగున్న మెషీన్ ఇవాళ యాక్టివేట్ కాలేదనవచ్చు. లైసెన్స్ వివరాలు దాచే టోకెన్స్ అనే ఫైలు పాడై ఉంటుంది. విండోస్ 10, 11లో అది సిస్టమ్32 లోపల ఎస్‌పీపీ, స్టోర్, 2.0 అనే ఫోల్డర్లలో ఉంటుంది. ముందు మెషీన్‌ను ఆపి దాని ఫోల్డర్ మొత్తం మరో డిస్క్‌లోకి కాపీ తీసుకోండి. తరువాత మెషీన్‌ను తెరిచి, అడ్మినిస్ట్రేటర్ ప్రాంప్ట్‌లో ఎస్‌పీపీ‌ఎస్‌వీసీ అనే సర్వీసును ఆపి, టోకెన్స్ ఫైలు పేరు మార్చి, సర్వీసును మొదలుపెట్టి, ఎస్ఎల్ఎంజీఆర్‌కు ఆర్ఐఎల్‌సీ ఎంపిక ఇవ్వండి. కొన్ని నిమిషాలు పడుతుంది. రీస్టార్ట్ చేసి, కీ మళ్లీ ఇచ్చి యాక్టివేట్ చేయాలి.

చివరి మెట్టు: ముద్ర వేసే వేళ

యాక్టివేషన్ ఎప్పుడు చేయాలన్నది చాలామంది ఆలోచించరు. మెషీన్‌కు ఎంత మెమరీ, ఎన్ని ప్రాసెసర్లు, మొదలయ్యే పద్ధతి బయోస్ అయినా, యూఈఎఫ్‌ఐనా, ఏ నెట్‌వర్క్ కార్డు అన్నది పూర్తిగా స్థిరపడాలి; గెస్ట్ టూల్స్ ఎక్కాలి; ఫాంట్లు, పేజ్‌మేకర్, ప్రింటర్ అన్నీ నడవాలి. పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌కు డాంగిల్ (లైసెన్స్ కోసం తగిలించే చిన్న పరికరం) ఉంటే యూఎస్‌బీ మార్గంలో లోపలికి వెళ్లిందని చూసుకోవాలి. అప్పుడు మెషీన్‌ను ఆపి ఒక స్నాప్‌షాట్, తరువాత యాక్టివేషన్, మళ్లీ ఆపి రెండో స్నాప్‌షాట్. మొదటిది ఏదైనా చెడితే తిరిగి రావడానికి, రెండోది రోజువారీ పనికి. రెండోదానికి తిరిగి వెళ్తే యాక్టివేషన్ పోదు, ఎంఏకే లెక్క ఖర్చు కాదు.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ భద్రతా సాయం 2020 జనవరి 14నే ఆగిపోయింది. అందుచేత మావయ్యగారి మెషీన్‌లో యాక్టివేషన్ ముగియగానే నెట్‌వర్క్ కేబుల్ టిక్ తీసేయించాను. ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్ ద్వారా వస్తాయి, పోతాయి. కీ చివరి ఐదు అక్షరాలు, ఎడిషన్ పేరు, స్నాప్‌షాట్ తేదీ, మెషీన్ ఫోల్డర్ కాపీ ఏ డిస్క్‌లో ఉందో, ఈ నాలుగింటినీ ఆయన చేత ప్రెస్సు ఆర్డర్ల పుస్తకం వెనక అట్ట లోపల రాయించాను.